జేబులో బెల్లం ముక్క

మా నాన్న పెస్ట్ కంట్రోల్ పని చేస్తాడు. లాలాపేట్‌లో చిన్న కంపెనీ, కొద్దిమంది మనుషులు. ఇళ్లలో బొద్దింకలకు, చెదలకు, నల్లులకు మందు కొట్టి, సాయంత్రం ఇంటికి పోతూ పోతూ తార్నాకలో మా ఫ్లాటు దగ్గర ఆగుతాడు. మనవరాలిని ఎత్తుకోవడానికి. నేనేమో ఎత్తుకోనివ్వను. పాప పాకడం మొదలుపెట్టినప్పటి నుంచి మా మధ్య నడుస్తున్న గొడవంతా ఇదే.

గొడవ అంటే అరుచుకోవడం కాదు. ఆయన గుమ్మం బయట చెప్పులు విడుస్తాడు. నేను పాపను చంకనేసుకుని గుమ్మం లోపల నిలబడతాను. స్నానం చేసి రమ్మంటాను, మా బాత్రూమ్‌లో నీళ్లు పెట్టానంటాను. అల్లుడి ఇంట్లో రోజూ స్నానం చేయడం ఆయనకు నామోషీ.

"గీడనే నిలబడ్త తియ్. దూరం నుంచే చూస్త" అంటాడు.

పాపకు ఇవేమీ తెలియవు. తాత కనపడగానే రెండు చేతులూ చాచి ముందుకు దూకుతుంది. దాన్ని ఆపి పట్టుకోవడానికి నాకు బలం కావాలి. మా ఆయన చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. "మీ నాన్నే కదా, నువ్వే చూసుకో" అన్నాడు ఒకసారి. చూసుకోవడమే వస్తే ఇంత భయం ఎందుకు. పాప నేల మీద పాకిన అరచేతులు నోట్లో పెట్టుకుంటుంటే నేను వెనకాలే తడిగుడ్డ పట్టుకుని తిరిగే మనిషిని.

ఒకరోజు అలా నిలబడే నాన్న చొక్కా జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. అందులో బెల్లం ముక్క. చిటికెడు తుంచి పాప నోటికి అందించబోయాడు. నేను చటుక్కున వెనక్కి జరిగాను. పాప తల తలుపుకు తగిలి ఏడుపు అందుకుంది.

"ఏంది బిడ్డా, నీకు పెట్టలేదా నేను? ఇదే చెయ్యి. ఇదే జేబు. నువ్వు పెరగలేదా, సదువుకోలేదా?"

పాప తల నిమిరాను. పెట్టాడు, నిజమే. నా చిన్నతనంలో నాకు గుర్తున్న తీపంతా ఆ జేబులోంచే వచ్చింది.

అప్పుడు మేం యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉండేవాళ్లం. హాస్టళ్లకు మందు కొట్టే గుంపులో నాన్న ఒకడు. క్యాంపస్ చివర పనివాళ్ల క్వార్టర్లలో గదిన్నర ఇల్లు మాది. పొద్దున నెమళ్లు అరిచి లేపేవి. అవి మెస్సు వెనక పారేసిన అన్నం మెతుకుల కోసం కాకులతో పోట్లాడేవి. నెమలి అంటే పెద్ద గొప్ప పక్షి అని బడిలో చెప్తే నాకు నవ్వొచ్చేది. వానలు తగ్గాక రాళ్ల మధ్య సీతాఫలం పొదలు కాసేవి. కాయలు పండేదాకా ఆగిన పిల్ల మా క్వార్టర్లలో ఒక్కతీ లేదు. పచ్చివి కోసుకొచ్చి బియ్యం డబ్బాలో దాచేవాళ్లం, మరచిపోయేవాళ్లం, వాసన వచ్చాక అమ్మలు తిట్టేవాళ్లు.

అన్నిటికంటే బాగుండేది ఎండాకాలం. సెలవులకు హాస్టళ్లు ఖాళీ కాగానే గదుల్లోని ఇనుప మంచాలన్నీ మోసుకొచ్చి గ్రౌండ్‌లో వరసలుగా పరిచేవాళ్లు. నల్లులు మంచం చట్రాల సందుల్లోకి, గొట్టాల లోపలికి దూరి కూర్చుంటాయి. ఎండకు కాగనిచ్చి, ఆ తర్వాత సందు సందుకూ మందు కొట్టాలి. మందు కొట్టకముందు, ఎండ దిగి ఇనుము చల్లబడ్డాక, ఆ మంచాలు మావి. మంచం మీంచి మంచం మీదికి దూకుతూ రైలాట ఆడేవాళ్లం. ఈ చివర లాలాపేట్ స్టేషను, ఆ చివర రామంతాపూర్ స్టేషను. రామంతాపూర్‌కు రైలు పోదని ఎవరో పెద్దపిల్ల అంటే దాన్ని రైల్లోంచి దించేశాం.

సెలవులకు కూడా ఊరు పోకుండా ఉండిపోయే పెద్ద చదువుల విద్యార్థులు కొందరుండేవాళ్లు. వాళ్లకు నాన్న అంటే వేళాకోళం, ఇష్టం.

"చాచా, మా రూంల నల్లులు నిన్నే అడుగుతున్నయ్. మామ ఎప్పుడొస్తడు, ఎప్పుడొస్తడు అని ఒకటే పోరు."

"వస్తున్న అని చెప్పుండ్రి. సామాన్లు సదురుకొమ్మనుండ్రి" అనేవాడు నాన్న, పంపు భుజానికి తగిలించుకుంటూ.

పంపు ఇత్తడిది. దాని తోలుపట్టీ నాన్న భుజం మీద ఒక నల్లటి గీత చేసింది. కంపెనీవాళ్లు మాస్కు ఒకటి ఇచ్చారు. అది మా ఇంట్లో మేకుకు వేలాడేది. నాన్న దాని బదులు తువ్వాలు నీళ్లలో ముంచి, పిండి, ముక్కుకీ నోటికీ చుట్టుకునేవాడు. మా అమ్మది తెనాలి వైపు. లాలాపేట్‌లో చర్చి బడిలో ఆయాగా చేసేది. ఆ మాస్కు ఆమె కంట పడని రోజు లేదు.

"మీరు పనికి వెళ్తున్నారు, మాస్కేమో ఇంటికి కాపలా ఉంటోంది. బానే ఉంది వరస."

"అది పెట్టుకుంటే ఊపిరాడదే. నల్లులకంటె ముందు నేను పోత."

"పొండి. మీరు పోతే నల్లులన్నీ కలిసి సంతాపసభ పెడతాయి."

మాస్కు విషయంలో ఇంత మాట్లాడే అమ్మ, బెల్లం విషయంలో మాత్రం నాన్న పక్షమే. మందు కొట్టే వాళ్లందరిదీ ఒకటే నమ్మకం. పని మధ్యలో, పని దిగాక కాస్త బెల్లం నోట్లో వేసుకుంటే గొంతులో పట్టిన మందును అది కిందికి గుంజుకుపోతుంది. ఇంటికి రాగానే గ్లాసెడు పాలు తాగితే మిగిలింది విరిగిపోతుంది. ఎవరు చెప్పారో తెలియదు. అందరి జేబుల్లోనూ బెల్లం ఉండేది. మాకు పాలు దొరకడం కష్టంగా ఉన్న రోజుల్లో కూడా, మందు కొట్టే రోజు నాన్న గ్లాసు నిండేది. "ముందు పాలు తాగండి, మాటలు తర్వాత" అనేది అమ్మ. ఆయన తాగేవాడు, అడుగున ఒక గుక్క నాకు మిగిల్చేవాడు.

నేను హాస్టల్ రోడ్డు మలుపులో కల్వర్టు మీద కూర్చుని ఎదురుచూసేదాన్ని. దూరం నుంచే పంపు ఎండకు మెరిసేది. దగ్గరికి రాగానే నాన్న ఒక చేత్తో నన్ను ఎత్తి ఖాళీగా ఉన్న భుజం మీద కూర్చోబెట్టుకునేవాడు. జేబులోంచి పొట్లం తీసి, తను కొరికిన బెల్లం ముక్కలో సగం తుంచి నా నోట్లో పెట్టేవాడు. ఆయన వేళ్లు నా నాలుకకు తగిలేవి. ఆ తీపిలో సన్నటి ఘాటు ఒకటి ఉండేది, ముక్కుకెక్కేది. బెల్లం రుచే అంత అనుకున్నాను. వేరేవాళ్ల ఇంట్లో బెల్లం పెడితే నాకు చప్పగా ఉండేది.

ఈ వాక్యం రాసి చాలాసేపు ఆగిపోయాను. పాప పక్క గదిలో పడుకుని ఉంది. తల్లినయ్యాక చూస్తే ఇది భయంకరమైన సంగతి. కానీ గుర్తుకొస్తే మాత్రం ఇప్పటికీ నోరూరుతుంది. రెండూ నిజమే, ఒకదాన్ని చూపి రెండోదాన్ని కొట్టేయడం నాకు చేతకావడం లేదు. ఆ భుజం ఎత్తు నుంచి చూస్తే క్యాంపస్ రాతి కట్టడాలు, చెట్ల కొసలు, తార్నాక వైపు పోయే బస్సుల పైకప్పులు అన్నీ మావే అనిపించేవి. మా నాన్న అంటే ఊళ్లోని నల్లులన్నీ భయపడతాయని బడిలో గొప్పలు చెప్పుకునేదాన్ని.

తర్వాత ఆ కాంట్రాక్టు వేరేవాళ్లకు పోయింది. మేం లాలాపేట్‌కు మారాం. నాన్న ఇళ్లకు మందు కొట్టే కంపెనీలో చేరాడు. నేను అదే క్యాంపస్‌లో పీజీ చదివాను. పెళ్లయి తార్నాక వచ్చాను. పాప పుట్టింది. పాప పుట్టాక ప్రతి డబ్బా వెనక అట్ట చదవడం మొదలుపెట్టాను. అట్లా చదువుతూనే, పురుగుల మందు డబ్బాల మీద రంగు ముక్కోణం ఉంటుందని, ఎరుపైతే అన్నిటికంటే ప్రమాదమని, ఆకుపచ్చ అయితే తక్కువని నాకు ఈ మధ్యనే తెలిసింది. నాన్నను అడిగితే, "రంగులు సూసుడేంది, వాసన సూస్తే తెల్వదా" అన్నాడు.

బెల్లం గొడవ జరిగిన తర్వాత వారం, నాన్నే ఫోన్ చేశాడు. మందు కొట్టే వాళ్లందరూ శిక్షణ తీసుకోవాలని, ఆ కాగితం లేకపోతే పనికి పంపలేనని ఓనరు చెప్పాడట. శిక్షణ క్యాంపస్‌లోనే, ఒక డిపార్ట్‌మెంటు హాల్లో.

"నువ్వు గూడ రా బిడ్డా. ఇంగ్లీషుల చెప్తె నాకేం సమజైతది. ఎనక కూసో, తర్వాత నాకు చెప్పు."

పాపను అమ్మ దగ్గర దింపి వెళ్లాను. ఇంగ్లీషు ఏమీ లేదు. చెప్పే ఆవిడ నడివయసు మనిషి, గొంతు పెద్దది. హాలు నిండా మందు కొట్టేవాళ్లే. కుర్చీల్లో కూర్చోవడం అలవాటు లేనట్టు అంచున కూర్చున్నారు. ఆవిడ కాసేపు మాట్లాడి, ముందు వరసలో ఉన్న నాన్నను లేవమంది.

"పెద్దాయనా, మీరు రండి. ఈ పంపులో మందు లేదు, మిఠాయిల్లో వేసే నీలిరంగు నీళ్లు. ఈ గోడకు కట్టిన గుడ్డ మీద కొట్టండి. రోజూ ఎట్లా చేస్తారో అట్లనే. ఇది పరీక్ష కాదు."

నాన్నకు హుషారొచ్చింది. పంపు ఎత్తాడు. మూత బిగించాడు, గాలి కొట్టాడు, మూలల్లో, అంచుల్లో, కింది నుంచి పైకి నిదానంగా కొట్టుకుంటూ పోయాడు. మధ్యలో నాజిల్ మూసుకుపోతే వేలితో తుడిచి, నోటితో ఒకసారి ఊదాడు. పని అయ్యాక పంపు దించి, నుదురు తుడుచుకున్నాడు. బాటిల్ మూత తీసి నీళ్లు తాగాడు. అలవాటుగా చెయ్యి జేబులోకి పోయింది. పొట్లం విప్పి బెల్లం కొరికాడు.

"ఆగండి" అంది ఆవిడ. "ఇప్పుడు అందరూ ఈయన్ని చూడండి."

నుదుటి మీద నీలి పట్టీ. చెవి వెనక నీలం. మెడ మీద, బాటిల్ మూత మీద, జేబు అంచున నీలం. "నాలుక చూపించండి పెద్దాయనా" అంటే నాన్న చిన్నపిల్లాడిలా నాలుక బయట పెట్టాడు. అదీ నీలమే. హాలంతా నవ్వారు.

"కాకా, నీకు మస్తుగ సెట్ అయింది రంగు" అన్నాడొకడు వెనక నుంచి.

నాన్న నవ్వలేదు. అరచేతిలో మిగిలిన బెల్లం ముక్కను చూస్తున్నాడు. పట్టుకున్న వైపు వేళ్ల ముద్రలు నీలంగా దిగి ఉన్నాయి.

ఆవిడ చెప్పుకుంటూ పోయింది. బెల్లం మందును ఎక్కడికీ గుంజుకుపోదు, చేతికున్న మందునే నోట్లోకి తీసుకెళ్తుంది. పాలు విషాన్ని విరచవు, కొన్ని మందులను ఇంకా తొందరగా ఒంటికి పట్టిస్తాయి. తడిగుడ్డ మందును పీల్చి ముక్కు దగ్గరే పెడుతుంది. సబ్బుతో కడుక్కోకుండా ఏదీ తినకూడదు. మిగిలిన మందు కూల్‌డ్రింకు సీసాల్లో పోయకూడదు. పని బట్టలతో ఇంటికి పోకూడదు. నీళ్లు, సబ్బు, బట్టలు మార్చుకునే చోటు, వాయిదా ప్రకారం డాక్టరు పరీక్ష ఇవన్నీ పని ఇచ్చినవాడు చూపించాలి. అది దయ కాదు, రూలు.

నాన్న చెయ్యెత్తాడు.

"మేడం, సిన్నపిల్లకు పెడితే?"

"ఏం పెడితే?"

"బెల్లం. గిట్ల, పనిల నుంచి వచ్చి."

"పెట్టకూడదు. వాళ్ల ఒళ్లు ఎంత? మీకు ఏమీ కానంత మందు కూడా వాళ్లకు ఎక్కువే."

కాగితం ఇచ్చినప్పుడు నాన్న రెండు చేతులతో తీసుకుని వచ్చేశాడు, ముఖం కడుక్కోకుండానే.

బయటికి వచ్చాక బస్టాపు వైపు కాకుండా పాత హాస్టల్ గ్రౌండ్ వైపు నడిచాడు. నేనూ వెనకే నడిచాను. గ్రౌండ్‌లో సగం ఇప్పుడు బండ్లు పెట్టుకునే చోటు. మిగతా సగంలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. నీడలో గట్టు మీద కూర్చున్నాడు. నుదుటి మీద నీలిరంగు ఎండి పొరలా అయింది.

"బిడ్డా, ఎండకాలంల నీకు వాంతులు అయ్యేటియి. యాదికున్నదా?"

"అమ్మ ఎండదెబ్బ అనేది కదా నాన్నా. ఉల్లిపాయ రసం పోసేది."

"అవ్. ఎండదెబ్బనే అనుకున్నం."

క్రికెట్ బంతి మా దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది. నాన్న దాన్ని చేత్తో తీయలేదు. కాలితో తన్ని పంపాడు.

"నేను బాగున్నాను నాన్నా" అన్నాను.

"నువ్వున్నవ్. నువ్వు మంచిగున్నవ్" అన్నాడు. అని లేచాడు.

నేను ఆ మాట ఆయన కోసమే అనలేదు. పాప పుట్టిన కొత్తలో, నా పాలలో ఆ చిన్నప్పటి మందు ఏమైనా ఉంటుందేమోనని పిల్లల డాక్టరును అడిగి ఉన్నాను. ఎప్పటిదో అది, ఇప్పుడు వెతికితే దొరికేదేమీ లేదు, పాలివ్వమ్మా అంది ఆమె. భయానికి ఆ జవాబు సరిపోలేదు. నాన్నకూ నా జవాబు సరిపోలేదని తెలుస్తూనే ఉంది.

ఆ తర్వాత ఆయన మా ఇంటికి రావడం మానేశాడు. సాయంత్రం ఆ వేళకు పాప గుమ్మం వైపు పాకేది. తలుపు కింద సందులోకి వేళ్లు పెట్టి చూసేది. నేను కోరుకున్నదే జరిగింది. ఇలా జరగాలని మాత్రం కోరుకోలేదు. ఫోన్ చేసి రమ్మంటే, "పనున్నది బిడ్డా" అనేవాడు. అమ్మ అసలు సంగతి చెప్పింది.

"ఆయన నా చేతికి గ్లాసు కూడా ఇవ్వట్లేదే. గట్టు మీద పెట్టి తీసుకోమంటున్నారు. నేనేమైనా అంటరానిదాన్నా అన్నాను. నువ్వు కాదు, నేనే అంటున్నారు. ఇదెక్కడి తిక్కే?"

మాస్కును మేకుకే వదిలేసి పనికి పోయే మా నాన్న, ఎవరూ అనుకోని పని ఒకటి చేశాడని ఇంకొన్ని రోజులకు అమ్మే ఫోన్ చేసి చెప్పింది. ఈసారి గొంతులో గర్వం దాచుకోలేకపోయింది. నాన్న ఓనరు దగ్గరికి పోయి, షాపు వెనక నీళ్ల డ్రమ్ము, సబ్బు, తడిక కట్టిన స్నానాల చోటు కావాలన్నాడట.

"ఇన్నేండ్ల సంది లేంది గిప్పుడేంది పెద్దాయనా, కొత్తపెళ్లికొడుకువా అన్నాడంట వాడు. ఈయన పంపు వాడి టేబుల్ మీద పెట్టి, నాకు మనుమరాలున్నది, ఎత్తుకోవాలె, అన్నారంట. అంతే. ఇంకో మాట లేదు. మిగతావాళ్లు కూడా వాళ్ల వాళ్ల పంపులు తెచ్చి అక్కడే పెట్టేశారంట. ఎవరికి లేరే పిల్లలు?"

ఓనరు రెండు రోజులు మూతి ముడుచుకుని, తర్వాత డ్రమ్ము తెప్పించాడు. వేడినీళ్లు లేవు, తడికకు సందులున్నాయి, అయినా చోటు చోటే. అందరికీ రక్తపరీక్ష కూడా చేయించాడు. నాన్నకు ఇప్పటికైతే భయం లేదని, వాయిదా తప్పకుండా మళ్లీ చేయించుకోమని చెప్పారు.

నాన్న నిన్న వచ్చాడు. ఉతికిన చొక్కా, తడి జుట్టు, పని బట్టల మూట లేని ఖాళీ చేతులు. నేను తలుపు బార్లా తీశాను. పాప నా చంకలో ఉంది. నాన్న నా వైపు చూశాడు, నేను తలూపాను, అప్పుడు చేతులు చాచాడు.

పాప ముఖం నా భుజంలో దాచుకుని ఒక్కపెట్టున ఏడ్చింది. ఇన్ని వారాలు కనపడకపోయేసరికి మరిచిపోయింది.

నాన్నే చేతులు దించుకున్నాడు.

"తల్లి తీర్గనే ఉన్నది. దూరం నుంచే సూడుమంటది" అన్నాడు. అని హాలు మధ్యలో, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పిలవలేదు, చప్పట్లు కొట్టలేదు. టీ తెస్తే పక్కన పెట్టుకున్నాడు. నేను పాపను కిందికి దించాను. అది నా కాలు పట్టుకుని చాలాసేపు ఆయన్ని చూసింది. తర్వాత కొంచెం పాకింది. ఆగింది. నా వైపు తిరిగి చూసింది. మళ్లీ పాకింది.

ఆయన మోకాలి మీద పెట్టుకున్న చెయ్యి దాకా వచ్చి, చూపుడువేలు పట్టుకుంది. తిప్పి చూసింది. పాపకు పళ్లొస్తున్నాయి, ఏది దొరికితే అది నోట్లోకే. ఆ వేలు కూడా నోట్లోకి పోయింది.

నాన్న కదలలేదు. కళ్లెత్తి నన్ను చూశాడు.

"కొరుకుతున్నది బిడ్డా. తియ్యాల్నా?"

నా చేతిలో ఎప్పటిలాగే తడిగుడ్డ ఉంది.

"ఉండనీ నాన్నా" అన్నాను.

టీ చల్లారిపోయింది. కాలు తిమ్మిరెక్కిందని ముఖం చెప్తూనే ఉంది, అయినా ఆయన అలాగే కూర్చున్నాడు. అమ్మ ఫోన్ చేసి అన్నానికి ఎప్పుడొస్తారని అడిగితే, స్పీకర్ పెట్టమని సైగ చేసి, "చెయ్యి ఖాళీ లేదే, జర ఆగు" అన్నాడు.